ఈ చెయ్యి ఎవరిది డాక్టరుగారూ?

మీ ఇంట్లో పరుపు కిందో, బీరువా మీదో, పాత క్యాలెండరు చుట్టలోనో ఒక ఎక్స్‌రే ఫిల్మ్ ఉండే ఉంటుంది. దాన్ని ఒకసారి బయటికి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. ఎముకల్ని చూడమని కాదు నేను చెప్పేది. ఆ ఫిల్మ్ మీద ఒక మూల మీ పేరుందా, తారీఖుందా, కుడివైపో ఎడమవైపో తెలిపే అక్షరముందా అన్నది చూడండి. ఉంటే సంతోషం. లేకపోతే ఈ వారం నేను చెప్పబోయే సంగతి మీకోసమే. ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే కనుక ఎవరినీ నొప్పించకుండా చెప్పగలను.

1999వ సంవత్సరం జూన్ నెల. కోస్తాలో ఒక చిన్న పట్టణంలోని సర్కారు ఆసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు. ఒకరోజు ఉదయం ఓ.పి.లో జనం కిటకిటలాడుతుండగా, పోలీసు కానిస్టేబులు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన రైసుమిల్లులో బస్తాలెత్తే హమాలీ. నలభై ఏళ్ళుంటాయి. వెనకనుంచి వ్యాను తగిలి కుడి అరచేయి నేలకానించి పడ్డాడట. పైకి పెద్ద దెబ్బేమీ లేదు, కాస్త దోక్కుపోయిందంతే. మణికట్టు నొక్కితే మాత్రం "అబ్బా" అన్నాడు.

ఎక్స్‌రే తీయించాను. తడి ఆరని ఫిల్మ్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. ఎముకలన్నీ శుభ్రంగానే కనిపించాయి. గాయాల సర్టిఫికెట్‌లో "ఎముక విరగలేదు, స్వల్పగాయం" అని రాసి సంతకం పెట్టాను. కట్టుకి ఒక గుడ్డా, నొప్పికి నాలుగు మాత్రలూ ఇచ్చి పంపేశాను. అదే నా మొదటి తప్పు.

ఇరవై రోజుల తరువాత ఆయన మళ్ళీ వచ్చాడు. "బాబుగారూ, బస్తా మీద చెయ్యేత్తే ప్రాణం పోతందండి. మీరు ఇరగలేదన్నారు గదండి, మరి ఈ నొప్పేంటండి?" అన్నాడు. మళ్ళీ ఫిల్మ్ తీయించాను. ఈసారి బొటనవేలి కింద ఉండే చిన్న ఎముకలో అడ్డంగా సన్నని నల్లగీత స్పష్టంగా కనిపించింది. ఎముక విరిగింది. మొదటి రోజే విరిగింది.

జీడిపప్పంత ఎముక

ఆ ఎముక పేరు స్కాఫాయిడ్. ఆకారంలోనూ ఇంచుమించు పరిమాణంలోనూ జీడిపప్పులా ఉంటుంది. మీ బొటనవేలిని పైకి చాచి చూడండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు నరాల్లాంటి తాళ్ళ మధ్య చిన్న గుంట పడుతుంది. వెనకటి పెద్దలు ముక్కుపొడుం పోసుకు పీల్చేది ఆ గుంటలోనే. ఇంగ్లీషు వైద్యంలోనూ దానికి ముక్కుపొడుం పెట్టె అనే పేరు. ఆ గుంట అడుగున ఉండేదే ఈ ఎముక.

అరచేయి ఆనించి పడ్డవారికి ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, ఫిల్మ్ శుభ్రంగా ఉన్నాసరే ఎముక విరిగినట్టే భావించి కట్టు కట్టాలి. పది పద్నాలుగు రోజులకు మళ్ళీ ఎక్స్‌రే తీయాలి. విరిగిన అంచుల దగ్గర ఎముక కొద్దిగా అరిగి అప్పటికి గీత బయటపడుతుంది. ఈ ఎముకకు రక్తం వేలివైపు కొసనుంచి వెనక్కి ప్రవహిస్తుంది. నడుమ విరిగితే మణికట్టువైపు ముక్కకు రక్తం అందదు. ఆలస్యమైతే అతకదు, ఒక్కోసారి ఆ ముక్క చచ్చుబడుతుంది కూడా. ఇవన్నీ నేను చదివినవే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. ఆ ఉదయం జనంలో గుర్తుకు రాలేదు, అంతే.

నేను రాయవలసింది "ఎముక విరగలేదు" అని కాదు. "ఈ రోజు తీసిన ఈ ఫిల్మ్‌లో విరిగిన గుర్తు కనబడలేదు, రెండు వారాలకు మళ్ళీ చూసి తుది అభిప్రాయం చెప్పబడుతుంది" అని రాయాలి. ఈ రెండు వాక్యాలకూ ఎంత తేడా ఉందో నాకు కోర్టు నేర్పింది.

రెండో తప్పు

రెండో ఫిల్మ్ తీసిన రోజున ఎక్స్‌రే గదిలో సీసపు అక్షరాల డబ్బా కనబడలేదు. ఆ రోజుల్లో పేరూ, నంబరూ, కుడి ఎడమల గుర్తూ ఆ అక్షరాలు పేర్చే ఫిల్మ్ మీద పడేలా చేసేవారు. "ఫరవాలేదులే, తీసెయ్యి" అన్నాను. చేతికి పిండికట్టు వేయించి, ఓ.పి. చీటీ మీద రెండు ముక్కలు గీకి, ఫిల్మ్ ఆయన చేతికే ఇచ్చేశాను. ప్రమాద కేసుల రిజిస్టరులో ఎక్కించలేదు. పోలీసువారికి "నా మొదటి అభిప్రాయం మారింది" అని ఉత్తరం రాయలేదు. అప్పటికే ఆలస్యమైనందువల్ల ఎముక అతకలేదు.

2001లో మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ నుంచి నాకు సమన్లు వచ్చాయి. సాక్షి బోనులో నిలబడ్డాను. నా మొదటి సర్టిఫికెట్ చదివి వినిపించారు. ఎముక విరగలేదు, స్వల్పగాయం. రెండో ఫిల్మ్ ఏదీ అంటే హమాలీ సంచిలోంచి ఒక ముక్క తీశాడు. సగమే ఉంది. 1999 ఆగస్టు 11 సాయంత్రం సూర్యగ్రహణం వచ్చింది గదా, ఇంట్లో పిల్లలు గ్రహణం చూద్దామని దాన్ని కత్తిరించి పంచుకున్నారట. మిగిలిన ముక్కలో మణికట్టు ఉంది, గీత కూడా ఉంది. పేరు లేదు, తారీఖు లేదు.

ఇన్సూరెన్సు కంపెనీ తరఫు ప్లీడరుగారు ఆ ముక్కను కిటికీ వెలుతురులో పట్టుకుని నింపాదిగా అడిగారు. "ఈ చెయ్యి ఎవరిది డాక్టరుగారూ?"

"ఇతనిదేనండి. నాకు బాగా గుర్తుంది" అన్నాను.

"మీకు గుర్తుండటం సరేనండి. ఫిల్మ్‌కి గుర్తుందా?"

కోర్టులో ఎవరో నవ్వారు. నాకు చెమటలు పట్టాయి. అప్పటి ఓ.పి. చీటీ లేదు, రిజిస్టరులో నమోదు లేదు. కొత్తగా తీయించిన ఎక్స్‌రేలో అతకని ఎముక కనబడుతూనే ఉంది. కానీ "బస్తాలు మోసేవాడు గదా, ఈ రెండేళ్ళలో మరెక్కడా పడలేదని ఏమిటి నమ్మకం?" అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ప్లీడరుగారిని నేను తప్పు పట్టను. ఆయన అడగవలసిందే అడిగారు. చివరికి స్వల్పగాయం కిందే లెక్కగట్టారు. జీవితాంతం బస్తా ఎత్తలేని మనిషికి మందుల ఖర్చుకు మించి పెద్దగా రాలేదు.

బయట వేపచెట్టు కింద ఆయన నన్ను ఓదార్చాడు. "తమరేం చేత్తారు లెండి బాబూ, నా రాత అట్టా ఉంది" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆ రాత ఆయనది కాదు, నాది. నా చేతిరాత.

బొమ్మ కోర్టుకెక్కిన కథ

జర్మనీలో రాంట్‌జన్ అనే శాస్త్రవేత్త ఈ కిరణాలను 1895 నవంబరు 8న కనుక్కున్నాడు. డిసెంబరు 22న తన భార్య చేతికి తీసిన ఎక్స్‌రే బొమ్మ లోకమంతా తిరిగింది. అందులో ఆమె వేలి ఉంగరం కూడా కనబడుతుంది. ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ అడగనక్కరలేదు.

ఏడాది తిరక్కుండానే బొమ్మ కోర్టుకెక్కింది. 1896లో అమెరికాలోని డెన్వర్ నగరంలో, నిచ్చెన మీదనుంచి పడ్డ ఒక యువకుడు తన తొడ ఎముక విరిగినా వైద్యుడు గుర్తించలేదని దావా వేశాడు. ఎక్స్‌రే ఫోటోలు చూపబోతే ఎదుటి పక్షం అభ్యంతరం చెప్పింది. మామూలు ఫోటో అయితే ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసినవాడు వచ్చి "అవును, ఇలాగే ఉంది" అనవచ్చు. ఒంటి లోపలి ఎముకను చూసిందెవరు? జడ్జి ఓవెన్ లెఫెవర్ ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, ఆ ఫోటోలను సాక్ష్యంగా తీసుకున్నారు.

ఆనాటి అభ్యంతరంలోని సారం మాత్రం నేటికీ ఉంది. బొమ్మ తనంతట తాను సాక్ష్యం చెప్పదు. ఇది ఫలానా మనిషిది, ఫలానా రోజున తీసింది, దీని అర్థం ఇది అని ఒక మనిషి వచ్చి చెప్పాలి. ఆ చెప్పేవాడికి కాగితం ఆధారం ఉండాలి.

బావగారి ఎక్స్‌రే

కాగితం లేక నిజం ఓడిపోవడం ఒక పక్క. రెండో పక్క కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

కొన్నేళ్ళ తరువాత మా ఊరి పెద్దమనిషి ఒకాయన, వరసకు నాకు పెదనాన్న, తన అల్లుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల తగాదా. అల్లుడి ముంజేతి మీద కర్ర దెబ్బ. చేతిలో ఎక్కడో తీయించిన ఎక్స్‌రే కూడా ఉంది. అందులో ఎముక నిక్షేపంగా విరిగింది. "అబ్బాయ్, ఒక్క ముక్క రాసిపెట్టు. నువ్వు మనవాడివి గదా" అన్నాడు.

ఫిల్మ్ పైకెత్తి చూశాను. ఎముక కొసన ఇంకా కలవని నల్లని చార ఉంది. అది ఎదిగే వయస్సు పిల్లల ఎముకల్లో ఉండే ఎదుగుదల పొర. ఆడపిల్లలకు కాస్త ముందుగా, మగపిల్లలకు కాస్త వెనకగా, ఇరవై ఏళ్ళ లోపే మూసుకుపోతుంది. మా బావగారికి నలభై రెండేళ్ళు. "పెదనాన్నా, ఈ చెయ్యి పదమూడేళ్ళ కుర్రాడిది. బావగారిది కాదు" అన్నాను. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. చాలాకాలం ఆ ఇంటి పెళ్ళిళ్ళకు నాకు శుభలేఖ రాలేదు.

ఆ ఒక్క ముక్కకు ఎందుకంత విలువ? భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరిగినా, కీలు తొలగినా అది తీవ్రగాయం. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 116వ సెక్షను. కావాలని కొట్టిన స్వల్పగాయానికి ఏడాది వరకూ జైలు, తీవ్రగాయానికి ఏడేళ్ళ వరకూ జైలు. మరో మార్పు కూడా ఉంది. ఎముక విరగకపోయినా, ఇరవై రోజులు తీవ్రమైన బాధతో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్రగాయమే అని పాత చట్టం చెప్పేది. కొత్త చట్టంలో అది పదిహేను రోజులు. అంటే నేను రాసే ఒక్క మాట మీద ఎదుటి ఇంటివాడి ఏడేళ్ళు ఆధారపడి ఉన్నాయి. అతనికీ పెళ్ళాం పిల్లలున్నారు.

అంచేత డాక్టరుగారిని "కొంచెం ఎక్కువ చేసి రాయండి" అని ఎప్పుడూ అడగకండి. పాత విరుగుడుకీ కొత్త విరుగుడుకీ తేడా తెలుస్తుంది. కొత్తదాని అంచులు పదునుగా ఉంటాయి. వారాలు గడిచిన ఎముక చుట్టూ అతుకు కండ తెల్లగా కమ్ముతుంది. ఒక్క అబద్ధం బయటపడితే మీ నిజమైన నొప్పిని కూడా ఎవరూ నమ్మరు.

పెద్ద స్కానింగు తీయిస్తే సరిపోతుందా?

చాలామంది నన్నడిగే ప్రశ్న ఇది. దేని పని దానిది. ఎముకకు ఎక్స్‌రే. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, వాంతులైనా సీటీ స్కాన్, ఎందుకంటే లోపల రక్తం గడ్డకట్టిందీ లేనిదీ అందులో త్వరగా తెలుస్తుంది. మోకాలి లోపలి తాళ్ళు తెగితే, వెన్నుపాముకు ఒత్తిడి ఉంటే ఎం.ఆర్.ఐ.

నడుము ఎం.ఆర్.ఐ. గురించి మాత్రం ఒక హెచ్చరిక. నలభై దాటినవారిలో ఏ ప్రమాదమూ లేకుండానే, ఏ నొప్పీ లేకుండానే, డిస్కులు కాస్త ఉబ్బి కనిపించడం మామూలే. తల నెరిసినట్టే అదీ వయస్సు గుర్తు. రిపోర్టులో "డిస్క్ ఉబ్బు" అని ఉన్నంత మాత్రాన అది ప్రమాదం వల్లనే వచ్చిందని కోర్టు నమ్మనక్కరలేదు. ప్రమాదానికి ముందు మీరు ఎలా ఉండేవారు, కాలు ఎప్పటినుంచి తిమ్మిరెక్కుతోంది, డాక్టరు పరీక్షలో ఏం కనబడింది అన్నవి దానికి తోడు కావాలి. నొప్పిని ఫోటో తీసే మిషను ఇంకా పుట్టలేదు.

కేసు బలపడుతుందని మళ్ళీ మళ్ళీ తీయించుకోకండి. ఒక తల సీటీ స్కానుకు సుమారు 2 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది. ఛాతీ ఎక్స్‌రేకు పడేది అందులో ఇరవయ్యో వంతు. చికిత్సకు అవసరమైతే భయపడవద్దు, కోర్టు కోసమే అయితే వద్దు. గర్భిణులు ముందే చెప్పాలి.

2010 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాదం కేసులో చెప్పిన మాట మీరు గుర్తుంచుకోవాలి. అవయవానికి ఎంత శాతం నష్టమన్నది వేరు, సంపాదనకు ఎంత నష్టమన్నది వేరు. ఎడమచెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు, డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోతుంది. వైద్యం చేసిన డాక్టరు వచ్చి చెప్పే సాక్ష్యానికి విలువ ఉంటుందనీ, అడగ్గానే దొరికే సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్త అవసరమనీ కూడా కోర్టు చెప్పింది. మా హమాలీకి కావలసింది సరిగ్గా అదే. జీడిపప్పంత ఎముక, శాతంలో చూస్తే చిన్నది. బస్తాలెత్తే మనిషికి అదే బతుకు.

మీరు చేయవలసినవి

ప్రమాదం జరిగిన రోజునే ఆసుపత్రికి రండి. కట్టు వైద్యానికి వెళ్ళదలచినా ముందు ఎక్స్‌రే తీయించుకోండి. దెబ్బ ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పండి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగండి. మీ ఒంటిమీద పుట్టుమచ్చలు రెండు రాసుకుంటారు, అభ్యంతరపెట్టకండి. రేపు కోర్టులో అవే మీ ఆనవాళ్ళు.

గది దాటేముందు ఫిల్మ్ మీద పేరు, వయస్సు, తారీఖు, నంబరు, కుడి ఎడమల గుర్తు సరిచూసుకోండి. ఇప్పుడు కంప్యూటరు ఎక్స్‌రేలొచ్చాక పేరు పడటం తేలికైంది. కానీ పక్కవాడి పేరు పడటమూ అంతే తేలిక.

నొప్పి తగ్గకపోతే రెండు వారాల్లో అదే ఆసుపత్రికి మళ్ళీ రండి. రెండోసారి చూసినదాన్ని కూడా రికార్డులో ఎక్కించమనండి. ఓ.పి. చీటీలన్నీ తారీఖుల వరసన దాచండి.

ఇప్పటి ఫిల్ములు చాలావరకు వేడితో ముద్రించేవి. రేకుల కప్పు కింద, ఎండలో నిలిపిన కారులో పెడితే నల్లబడిపోతాయి. కవరులో పెట్టి నీడన ఉంచండి. సీడీ ఇస్తే అదీ తీసుకోండి. సెల్‌ఫోనులో తీసిన ఫోటో మీరు చూసుకోవడానికి సరే, కోర్టుకు మాత్రం కంప్యూటరు రికార్డుతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. అది మీ ప్లీడరుగారు చూసుకుంటారు, మీరు అసలుది పోగొట్టుకోకండి. క్లెయిము వెయ్యడానికి చట్టంలో ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఆలస్యం చేయకుండా ప్లీడరుగారిని కలవండి.

ఎక్స్‌రే ఫిల్మ్‌తో గ్రహణం చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి. వెలుతురు తగ్గినట్టు అనిపిస్తుందే గానీ హానిచేసే కిరణాలు ఆగవు, కంటి వెనకపొర కాలిపోతుంది. ఆ హమాలీ పిల్లల కళ్ళకు ఆ సాయంత్రం మబ్బే రక్ష అయింది. వాళ్ళ నాన్న కేసుకు మాత్రం రక్ష లేకపోయింది.

నా టేబులు సొరుగులో ఇప్పటికీ ఒక చిన్న డబ్బా ఉంది. అందులో సీసపు అక్షరాలున్నాయి. మా ఆసుపత్రిలో వాటితో పని లేక ఏళ్ళయింది. కొత్తగా చేరిన హౌస్‌సర్జన్లు ఇదేమిటి సార్ అని అడుగుతుంటారు. అడిగినవాళ్ళకల్లా ఈ కథే చెబుతాను. ఈ వారం మీకు చెప్పాను. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆ పరుపు కింది ఫిల్మ్ తీసి, మీ పేరుందో లేదో చూసుకోండి.